దొంగ ఉప్పా, ఉప్పు దొంగా?

ప్రశ్న: మా కోడలిది కెనడాలోని క్యుబెక్. వాళ్ల పూర్వీకుల కథ తెలుగులో రాసిపెట్టమని మనవరాలు పట్టుకుంది. అందులో ఒక ముత్తాత 1730ల్లో ఫ్రాన్సు నుంచి వచ్చాడట. కాగితాల్లో ఆయన పేరు పక్కన 'ఫో-సోనియే' అని ఉంది. ఫోన్‌లో అనువాదం చేయిస్తే 'నకిలీ ఉప్పు వ్యాపారి' అని వచ్చింది. ఉప్పులో ఇసుక కలిపి అమ్మాడా ఏమిటి? కోడలిని అడగాలంటే మొహమాటంగా ఉంది.

జవాబు: మొహమాటం అక్కర్లేదండీ, ఆయన అమ్మింది మంచి ఉప్పే. కట్టనిది సుంకం. ఆ ఉప్పు పన్ను పేరు 'గాబెల్'. ఫ్రాన్సులోనే ఉన్న బ్రిటనీ సీమలో ఆ పన్ను లేదు, పక్కనే ఉన్న సీమల్లో ఉప్పు ధర ఎన్నో రెట్లు. జనం రాత్రిళ్లు మూటలు మోసేవారు. పన్ను గట్టిగా ఉన్నచోట ఎనిమిదేళ్లు దాటిన ప్రతి మనిషి లెక్కనా ఏటా ఇంత ఉప్పు కొనితీరాలి. ఆ ఉప్పు వంటకీ వడ్డనకే. దాంతో మాంసం ఊరేసినా నేరమే! మన దగ్గరైతే ఆవకాయ పెట్టిన ప్రతి ఇంటివాళ్లనీ పట్టుకెళ్లాలి.

ఇక మాట. 'నకిలీ', 'కల్తీ' రెండూ ఇక్కడ తప్పే. మన 'దొంగ' మాత్రం సరిగ్గా అతుకుతుంది. దొంగనోటు అంటే అసలు నోటే కాదు. దొంగసారా అంటే సారాయే, సర్కారుకు చెప్పకుండా కాచింది. ఫ్రెంచి 'ఫో' కూడా ఈ రెండు పనులూ చేస్తుంది. కాబట్టి 'దొంగ ఉప్పు అమ్మేవాడు' అనండి. 'ఉప్పు దొంగ' అంటే మాత్రం ఎవరిదో ఉప్పు ఎత్తుకుపోయినట్టు అవుతుంది, పాపం.

మరొకరు: 'గాబెల్' ఇటలీ మీదుగా అరబ్బీ 'కబాలా' నుంచి వచ్చింది. మనం 'కబూలు' అంటామే, దానిదీ అదే ధాతువు. కబూలు చేయకపోయినా కట్టాల్సిన పన్నుకు భలే పేరు!

ప్రశ్న అడిగినవారు: ప్రాణం లేచొచ్చిందండీ. మరి ఆ నేరానికి శిక్షగా ఆయన్ని కెనడా పంపేయడాన్ని 'ద్వీపాంతరవాసం' అనొచ్చా?

జవాబు: ఆ మాట వింటే మనకు అండమానే గుర్తొస్తుంది. కెనడా ద్వీపమూ కాదు. పైగా ఇది జైల్లో పెట్టడం లాంటిది కాదు. అంతకుముందు ఇలాంటివాళ్లను రాజుగారి ఓడల్లో తెడ్లు వేయించేవారు. కెనడాలో పనిచేసే చేతులు తక్కువై, 1730 నుంచి ఓ పదమూడు, పద్నాలుగేళ్లలో సుమారు 600 మందిని అక్కడికి తోలారు. కొందరిని రైతుల దగ్గర పాలేర్లుగా పెట్టారు, కొందరిని సైన్యంలో చేర్చారు. చాలామంది పెళ్లిళ్లు చేసుకుని అక్కడే ఉండిపోయారు. చర్చి రిజిస్టర్లలో వాళ్ల ఆచూకీ దొరికేది అందుకే. 'ఓడెక్కించి పంపేశారు' అని రాయండి, చాలు.

ప్రశ్న అడిగినవారు: ఆయన మీద ఫ్రాన్సులో పడ్డ కేసు కూడా వెతుకుతోంది కోడలు. 'గ్రెనియే ఆ సెల్' కాగితాలు చూడాలట. అదేమిటి, ఉప్పు కొటారేనా?

జవాబు: కొటారే. కాకపోతే సుంకం ఎగ్గొట్టిన కేసులు విని తీర్పు చెప్పేదీ అక్కడే. 'ఉప్పు కొటారు' అని ఊరుకుంటే గోదామే అనుకుంటారు. పక్కన 'కచేరీ' కూడా చేర్చండి.