పచ్చళ్ల లేబుల్‌కు ఉచిత సాఫ్ట్‌వేర్ సరిపోతుందా?

ప్రశ్న (బ్రాడీపేట, గుంటూరు)

మా ఇంట్లో తయారయ్యే పచ్చళ్ల సీసాలకు మంచి లేబుళ్లు వేయించి, దుకాణం ముందు ఆరడుగుల ఫ్లెక్సీ ఒకటి కట్టాలనుకుంటున్నాము. నెలనెలా చందా కట్టి ఫొటోషాప్, ఇలస్ట్రేటర్ వాడుకునే స్తోమత మాకు లేదు. ఫోన్ యాప్‌తో చేసిన లేబుల్‌ను అచ్చు వేయిస్తే, తెరపై నిగనిగలాడిన ఎరుపు కాగితం మీద ఇటుక రంగుకు దిగింది. ‘పచ్చళ్లు’ అన్న మాటలోని ఒత్తులు కింది వరుసకు తగులుకున్నాయి. ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ప్రెస్సుకు పనికివచ్చే ఫైలు చేయగలమా? తెలిసినవారు దయచేసి చెప్పండి.

జవాబు 1 (డిజైనర్, గవర్నర్‌పేట, విజయవాడ)

తప్పకుండా చేయవచ్చండి. లేబుల్ గీయడానికి ఇంక్‌స్కేప్, అచ్చుకు సిద్ధం చేయడానికి స్క్రైబస్ తీసుకోండి. రెండూ ఉచితమే, వ్యాపారానికి వాడుకున్నా అభ్యంతరం లేదు. ఇంక్‌స్కేప్ రంగులను ఆర్‌జీబీలో, అంటే తెర మీది ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగుల్లో ఇస్తుంది, ప్రెస్సు సీఎంవైకే, అంటే సయాన్ (లేత నీలం), మెజెంటా (ముదురు గులాబీ), ఎల్లో (పసుపు), నలుపు సిరాలతో నడుస్తుంది. మీ ఎరుపు దిగిపోయింది ఈ తేడా వల్లనే. ఇంక్‌స్కేప్‌లో గీసి దాచిన ఎస్‌వీజీ ఫైలును స్క్రైబస్‌లోకి తెచ్చుకుని, రంగుల జాబితాలో ఆ ఎరుపును సీఎంవైకేకు మార్చి, మెజెంటా 100 శాతం, ఎల్లో 100 శాతం, మిగతా రెండూ సున్నా పెట్టండి. తెర మీది వెలుగు కాగితానికి రాదు గానీ, సిరా ఇవ్వగలిగిన నిండు ఎరుపు అదే. పదార్థాల వివరాలు, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) ఇచ్చే 14 అంకెల సంఖ్య వంటి చిన్న అక్షరాలకు నలుపు ఒక్కటే 100 శాతం ఉండాలి. నాలుగు సిరాలూ కలిస్తే, ఒక్కో సిరాకు వాడే అచ్చు ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా అక్షరం అలుక్కుపోతుంది. కోత గీతకు బయట 3 మిల్లీమీటర్లు రంగు పొడిగించండి, లోపల అంతే మేర అక్షరాలు లేకుండా చూడండి.

జవాబు 2 (ప్రెస్సు నిర్వాహకుడు, అరండల్‌పేట, గుంటూరు)

పై సలహా అక్షరాలా సరైనది. తెలుగు అక్షరాల గురించి మరొక మాట చెప్పాలి. మా ప్రెస్సుల్లో చాలాచోట్ల ఇప్పటికీ పేజ్‌మేకర్ అనే పాత పేజీ కూర్పు సాఫ్ట్‌వేర్, అను అనే పాత తెలుగు ఫాంట్లే నడుస్తున్నాయి. ఆ ఫాంట్లు యూనికోడ్ (ఫోన్లు, కంప్యూటర్లన్నిటికీ ఉమ్మడిగా ఉండే అక్షర సంకేతాలు) కావు కాబట్టి మీ ఫైలులోని తెలుగు మా దగ్గర చెదిరిపోవచ్చు. అక్షరదోషాలన్నీ దిద్దుకున్నాక ఇంక్‌స్కేప్‌లో ‘ఆబ్జెక్ట్ టు పాత్’ ఇచ్చి అక్షరాలను గీతలుగా మార్చండి. దిద్దడానికి వీలున్న ప్రతిని మాత్రం విడిగా దాచుకోండి. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మండలి, సూరన్న వంటి తెలుగు ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. పేరుకు రామభద్ర నిండుగా ఉంటుంది, చిన్న వివరాలకు మండలి తేటగా కనిపిస్తుంది. ఇంగ్లిషుకు సరిపోయే వరుసల ఎడం తెలుగుకు చాలదు. పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి కనుక అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లు ఇవ్వండి.

జవాబు 3 (ఫ్లెక్సీ ప్రింటింగ్, విజయవాడ)

ఫ్లెక్సీని దూరం నుంచి చూస్తారు కాబట్టి లేబుల్‌కు కావలసిన 300 డీపీఐ (అంగుళానికి చుక్కలు) దీనికి అక్కరలేదు, 100 చాలు. ఆరడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తుకు 7200 × 3600 పిక్సెళ్లు వస్తాయి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే నాణ్యత పడిపోతుంది. డాక్యుమెంటుగా గానీ పెన్‌డ్రైవ్‌లో గానీ ఇవ్వండి. లేబుళ్ల మొత్తం ఆర్డరుకు ముందు, అసలు స్టిక్కర్ కాగితం మీదే ఒక ప్రూఫ్ (నమూనా ప్రతి) తీయించి, సీసాకు అతికించి పగటి వెలుతురులో చూసుకోండి.