వన్ డ్రాప్ మూలం ఎక్కడ? రెగె డ్రమ్స్ తెలిసినవాళ్ళు సాయం చేయండి

అందరికీ నమస్తే. జమైకా సంగీతమంటే నాకు ప్రాణం. స్కా అనే అక్కడి హుషారు డాన్స్ సంగీతం వేగం 1966 ప్రాంతంలో తగ్గి రాక్‌స్టెడీ కావడం, బేస్ గిటార్ ముందుకు రావడం, 1968 నాటికి రెగె పుట్టడం, ఇవన్నీ వింటుంటే తెలిసిపోతున్నాయి.

చిక్కంతా డ్రమ్స్ దగ్గరే. బాబ్ మార్లీ బృందం వెయిలర్స్‌లో డ్రమ్మర్ కార్ల్‌టన్ బారెట్ వాయించిన వన్ డ్రాప్ అనే డ్రమ్ వరసలో నాలుగు దెబ్బల్లో మొదటిది ఖాళీ. మిగతా సంగీతాల్లో గట్టిగా కొట్టే చోట ఆయన చెయ్యి ఆగిపోతుంది. మూడో దెబ్బకు కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్), స్నేర్ అనే చిన్న డ్రమ్ అంచు మీద కర్ర రెండూ ఒకేసారి పడతాయి. గిటార్ రెండు, నాలుగు దెబ్బల మీద చక్, చక్ అని తుంచుతుంది. అంత ఖాళీ పెట్టినా పాట ఎక్కడా జారదు, ఎంత గొప్ప విషయమో!

ఈ ఖాళీ ఎక్కడి నుంచి వచ్చింది? జమైకాలోని రాస్తఫారీ మతస్థులు పూజల్లో వాయించే న్యాబింగీ డప్పుల నుంచా, లేక రాక్‌స్టెడీ డ్రమ్మర్లే తయారు చేసుకున్నదా? రాస్తఫారీ డప్పు వాద్యకారుడు కౌంట్ ఒసీ బృందం డప్పులు 1960లోనే 'ఓ కరోలినా' రికార్డులోకి వచ్చాయి కాబట్టి మొదటిదే నిజమేమో అనిపిస్తోంది. కానీ న్యాబింగీలో పెద్ద డప్పు మొదటి దెబ్బను వదిలిపెట్టదు కదా.

ఇంకో సంగతి. జమైకా డ్రమ్మర్ స్లై డన్బార్ వాయించిన రాకర్స్ అనే రెగె డ్రమ్ శైలిని, ప్రతి దెబ్బకూ కిక్ పడే స్టెపర్స్ శైలిని చెవితో వెంటనే ఎలా గుర్తుపట్టాలి? సౌండ్ ఇంజనీర్ కింగ్ టబ్బీ చేసిన డబ్ మిక్సుల్లో గొంతు తీసేసి డ్రమ్స్, బేస్ మిగులుస్తారు కాబట్టి అవి కొంత సాయపడుతున్నాయి.

డ్రమ్స్ వాయించేవాళ్ళు ఎవరైనా ఉంటే, 1970కి ముందు రికార్డుల్లో వన్ డ్రాప్ స్పష్టంగా వినిపించేవి చెప్పగలరా?