శనివారం దావత్ బిల్లు: తినని వాటికి కూడా సమాన వాటా ఇవ్వాలా?

ప్రశ్న (నక్కలగుట్ట వాసి):
మేము ఆరుగురం హన్మకొండలో కలిసి డిగ్రీ చదువుకున్నవాళ్ళం. నెలకొకసారి, సాధారణంగా శనివారం రాత్రి, ఒక బార్ అండ్ రెస్టారెంట్‌లో కలుస్తుంటాం. నేనూ మరొక మిత్రుడూ శనివారం నీచు ముట్టము. మద్యం అలవాటు ముగ్గురికే ఉంది. మొన్నటి బిల్లులో మాంసాహార వంటకాలు 2,400 రూపాయలు, మా ఇద్దరి వెజ్ బిర్యానీ, పనీర్ వంటివి 720, అందరూ తీసుకున్న ఐస్‌క్రీమ్, నీళ్ళ సీసాలు 480, వీటిపై 5 శాతం జీఎస్టీ 180, మద్యం 2,400 కలిపి మొత్తం 6,180 అయింది. ఎప్పటిలాగే ఒకరు కౌంటర్‌లో కట్టేసి, తలా 1,030 ఫోన్‌పే చేయమని గ్రూపులో రాశారు. అడిగితే ఏమనుకుంటారోనన్న మొహమాటంతో మేమిద్దరమూ పంపించేశాము. అయితే ఆ రెండో మిత్రుడు ఉద్యోగం లేకుండా నయీంనగర్‌లో గది అద్దెకు తీసుకుని గ్రూప్స్‌కు చదువుతున్నాడు. వచ్చే నెల రాలేనని అప్పుడే చెప్పాడు, కారణం మాత్రం చెప్పలేదు. స్నేహం చెడకుండా ఈ పద్ధతిని ఎలా మార్చాలి?

జవాబు (లెక్కల మాస్టారు):
మీరు వివరాలన్నీ ఇచ్చారు కనుక లెక్క సులభమే. ఉమ్మడి ఖర్చు 480ని ఆరుగురికి పంచితే తలా 80 వస్తుంది. మీ ఇద్దరి వంటకాలలో ఒక్కొక్కరి భాగం 360 కాబట్టి మొత్తం 440, దానికి 5 శాతం పన్ను కలిపితే 462 రూపాయలు. మాంసాహారం తిన్న నలుగురిలో ఒక్కొక్కరికి 600తో పాటు ఆ 80, పన్నుతో కలిపి 714 అవుతుంది. మద్యం జీఎస్టీ పరిధిలోకి రాదు కాబట్టి ఆ 2,400పై ఈ పన్ను వేయకూడదు. తాగిన ముగ్గురూ తలా 800 పంచుకుంటే వారి వాటా 1,514. అంటే మీరిద్దరూ తలా 568 రూపాయలు ఎక్కువ ఇచ్చారు. మీ ప్రశ్నలో కనిపించని మనిషి ఇంకొకరున్నారు: మాంసం తిని, మద్యం తాగని ఆ నాలుగో మిత్రుడు కూడా 316 ఎక్కువే కట్టాడు. ఈ మాట ఆయన చేత చెప్పించగలిగితే, విషయం శాకాహారుల ఫిర్యాదుగా మిగిలిపోదు.

జవాబు (కాజీపేట జంక్షన్):
దోస్తుల మధ్య ఇంత లెక్క అవసరమా అని నాకనిపిస్తున్నది. ఈ నెల ఒకరికి ఎక్కువైతే వచ్చే నెల ఇంకొకరికి ఎక్కువవుతుంది, ఏడాది తిరిగేసరికి అంతా సరిపోతుంది. అంతగా బాధ అయితే శనివారం మానేసి ఆదివారం కలవండి, మీరూ మటన్ తినవచ్చు.

జవాబు (సుబేదారి నుంచి):
పై మిత్రుడు చెప్పిన ఆదివారం సలహా బాగానే ఉంది, కానీ అది సగం సమస్యకే మందు. తాగనివారు ఆదివారం కూడా తాగరు కదా. ఏడాదికి సరిపోతుందన్న వాదన, ఎక్కువ తినేవారూ తక్కువ తినేవారూ నెలనెలా మారుతున్నప్పుడే నిలబడుతుంది. ఇక్కడ ప్రతిసారీ అదే ముగ్గురి మద్యానికి అదే ముగ్గురు చందా ఇస్తున్నారు. మా బృందంలో మద్యం బిల్లు మొదటి నుంచీ వేరు. భోజనం మాత్రం సమానంగానే పంచుకుంటాము, ఎందుకంటే ఒకే ప్లేటు చికెన్ 65 ఐదు చేతులు తిరిగినప్పుడు ఎవరు ఎన్ని ముక్కలు తిన్నారో లెక్కపెట్టడం నిజంగానే ఎబ్బెట్టుగా ఉంటుంది. మీ విషయంలో ఆ తేడా కూడా పెద్దదే కాబట్టి శాకాహారం విడిగా లెక్కించడంలో తప్పు లేదు. ఇక పరీక్షలకు చదువుతున్న మిత్రుడికి అందరి ముందూ మినహాయింపు ప్రకటించకండి, ఆయన అసలు రావడమే మానేస్తాడు. నయీంనగర్‌లో గది అద్దె, మెస్ ఖర్చు భరిస్తున్నవాడికి 462 కూడా తక్కువేమీ కాదు కనుక, ఒకసారి బిర్యానీ పార్శిల్ తెచ్చుకుని ఎవరి ఇంట్లోనైనా కూర్చోండి.

జవాబు (బిల్లింగ్ కౌంటర్ అనుభవం):
బిల్లు ప్రింటయ్యాక విడదీయమంటే కౌంటర్‌లో విసుక్కుంటారు. ఆర్డర్ రాసుకునేటప్పుడే మద్యం, వెజ్, నాన్‌వెజ్ మూడు బిల్లులుగా ఇవ్వమని చెప్పండి. మీ బిల్లులో లేదు కానీ, కొన్నిచోట్ల సర్వీస్ ఛార్జీ కూడా కలుపుతారు. దానిని బిల్లులో తమంతట తాము వేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. పంచుకోవడానికి ముందే దాన్ని తీసేయమని అడగండి. వినకపోతే 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. ఆదివారం మాత్రం కుదరదు, మాలో ఒకరికి ఆ రోజు రైల్వే డ్యూటీ ఉంటుంది. మాంసం తిని మద్యం తాగని మిత్రుడితో ఈ ఉదయం మాట్లాడాను. మద్యం బిల్లు వేరుగా తీసుకుందామని గ్రూపులో తానే రాస్తానన్నాడు. వచ్చే నెల పార్శిల్ తెచ్చుకుని మా ఇంట్లోనే కలుద్దామని నేను రాస్తున్నాను.