కొలరాడోలో ఎల్క్ బో హంటింగ్: నాన్నని, బావమరిదిని కూడా తీసుకెళ్లొచ్చా?

కొండవీడు_డెన్వర్:
అందరికీ నమస్తే. మేం డెన్వర్ పక్కన ఉంటాం, కొలరాడోకి వచ్చి ఏడాది దాటింది, హెచ్1బి మీద ఉన్నాను. మా ఆఫీసులో ఒకతను చిన్నప్పటి నుంచీ విల్లుతో వేటకు వెళ్తాడు, అతని దగ్గరే కాంపౌండ్ బో (కప్పీలతో లాగే ఆధునిక విల్లు) నేర్చుకుని చలికాలమంతా ఇండోర్ రేంజ్‌లో వేశాను, ఇప్పుడు 40 గజాల నుంచి బాణాలన్నీ అరచేయంత చోట పడుతున్నాయి. వచ్చే సెప్టెంబర్‌లో మీకర్ అనే ఊరి నుంచి ఫ్లాట్ టాప్స్ కొండల్లోకి ఎల్క్ (జింక జాతిలో చాలా పెద్ద జంతువు) కోసం వెళ్దామని ప్లాన్. నేను, అతను, డల్లాస్ నుంచి మా బావమరిది.

సరిగ్గా అప్పుడే నాన్న నరసరావుపేట నుంచి వస్తున్నారు. అరవై ఆరేళ్లు, బీపీ మాత్రలు వాడతారు. విషయం తెలిసినప్పటి నుంచీ "నేనూ వస్తా, క్యాంపులో కూర్చుంటా" అని ఒకటే పట్టు. అమ్మకేమో ఫోన్‌లో టెన్షన్, మన దగ్గర జింకని కొడితే జైలు కదా, అక్కడ కేసు పెట్టరా అని. నా వీసాకి ఏమైనా ఇబ్బందా? బావమరిదికి లైసెన్స్ ఎలా? నాన్నని అంత ఎత్తుకి తీసుకెళ్లొచ్చా? అన్నిటికంటే ముఖ్యంగా, నిజంగా ఒకటి పడితే అంత పెద్ద జంతువుని ముగ్గురం కిందికి ఎలా తెస్తాం? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

పడమటి_వాలు:
నేను గ్రాండ్ జంక్షన్‌లో ఉంటాను తమ్ముడూ, ఏటా సెప్టెంబర్ అంటే మా ఇంట్లో ఇదే పని.

ముందు అమ్మగారి భయం తీర్చు. మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టంతో వేట నిషేధం, ఆవిడ అన్నది నిజమే. ఇక్కడ పద్ధతి వేరు. 1900ల మొదట్లో కొలరాడోలో ఎల్క్ చాలా కొద్దిగా మిగిలితే వయోమింగ్ వైపు నుంచి తెచ్చి వదిలారు, ఇప్పుడు రెండున్నర లక్షలకు పైనే, అమెరికాలో ఇంత పెద్ద సంఖ్య ఇంకే రాష్ట్రంలోనూ లేదు. వాటిని చూసుకునే ఖర్చులో పెద్ద భాగం లైసెన్సుల డబ్బే. దానికి తోడు తుపాకులు, తూటాల మీద పన్నుని 1937 చట్టంతో వన్యప్రాణుల కోసం కేటాయించారు, విల్లు బాణాలను కూడా అందులో కలిపింది 1972లోనే. అంటే నువ్వు కొన్న బోలో కూడా ఆ వాటా ఉంది.

వీసా సంగతి: ఫెడరల్ చట్టంలో విల్లు ఫైర్‌ఆర్మ్ కిందికి రాదు, తుపాకీకి ఉండే వీసా గొడవలు దీనికి లేవు. కానీ 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన ఎవరికైనా హంటర్ ఎడ్యుకేషన్ కార్డు ఉండాలి, అది ఇప్పుడే పూర్తి చెయ్. ఆర్చరీ (విల్లు వేట) సీజన్లో క్రాస్‌బో (తుపాకీలా ట్రిగ్గర్ నొక్కి వేసే అడ్డ విల్లు) కుదరదు. బో కనీసం 35 పౌండ్లు లాగాలి, అది చట్టం చెప్పే లెక్క. ఎల్క్‌కి మాత్రం నీ భుజం ఒప్పుకున్నంతలో 60 దగ్గరికి వెళ్లు.

40 గజాల్లో బాగా పడుతున్నాయన్నావు, సంతోషం. అది చదునైన నేల మీద, రొప్పు లేకుండా, ప్రాక్టీస్ మొనలతో. బ్రాడ్‌హెడ్ (వేటకి వాడే పదునైన బ్లేడ్ల మొన) పెట్టగానే బాణం పడే చోటు మారొచ్చు, వాటితోనే వెయ్. మోకాళ్ల మీద కూర్చుని, బ్యాగ్ తగిలించుకుని, మెట్లు ఎక్కి దిగిన వెంటనే వెయ్. అడవిలో 30 గజాలు దాటితే వదలకు. అది పక్కకి తిరిగి నిలబడాలి, లేదా కాస్త అటువైపు మళ్లి ఉండాలి. ఎదురుగా నీ వైపే చూస్తుంటే ఎంత దగ్గరున్నా వద్దు.

అన్నిటికంటే పెద్దది గాలి. పొద్దున చల్లగాలి కొండ మీంచి కిందికి దిగుతుంది, అప్పుడు నువ్వు వాటికి కింద ఉండాలి. ఎండ ఎక్కాక గాలి పైకి తిరుగుతుంది, ఆ తిరిగే అరగంట చాలా మోసం, మెడకి ఒకవైపు తగిలిన గాలి రెండు నిమిషాల్లో రెండోవైపు తగులుతుంది. వాసన లేని పౌడర్ చిన్న బుడ్డిలో పెట్టుకుని అడుగడుక్కీ ఊది చూడాలి. వాసన తగిలిందా, మంద మొత్తం ఆ లోయ వదిలేస్తుంది. సెప్టెంబర్ సగం దాటాక మగవి అరుస్తాయి, ఆడదాని పిలుపు వినిపిస్తే వస్తాయి, కానీ నేరుగా రావు, చుట్టూ తిరిగి గాలివాటం చూసుకుని వస్తాయి. అందుకే ఆ పిలుపుని అనుకరించి పిలిచేవాడు, బాణం వేసేవాడికి 40, 50 గజాలు వెనక ఉండాలి. అది ఆడదాన్ని వెతుక్కుంటూ వచ్చి వేసేవాడి ముందు ఆగుతుంది.

నాన్నగారిని క్యాంపుకి తీసుకెళ్లు అనే అంటాను. ఆ అరుపు తెల్లారుజామున టెంట్లోంచి వినడం పెద్దాయనకి జన్మలో మళ్లీ దొరకదు.

మంజీర_జి:
పడమటి_వాలు గారూ, మీరు చెప్పినవన్నీ నిజం, నాన్నగారి విషయంలో మాత్రం ఒప్పుకోను. నేనూ మావారూ కలిసే వెళ్తాం, ఒకసారి మా మామయ్యగారిని 9,500 అడుగుల క్యాంపులో పడుకోబెట్టాం, రాత్రంతా తలనొప్పి, వాంతి, తెల్లారకముందే కిందికి దింపాల్సి వచ్చింది. ఆయనకి అసలు బీపీ కూడా లేదు. బ్రదర్, మీ నాన్నగారు వచ్చాక కనీసం వారం డెన్వర్‌లో ఉండనివ్వండి, డాక్టర్‌ని అడగండి, మీకర్‌లో రూమ్ తీసుకోండి. ఊరు ఆరు వేల అడుగుల పైచిలుకు, ఇబ్బంది ఉండదు. మధ్యాహ్నం పూట పైకి కారులో తీసుకొచ్చి చీకటి పడేలోపు దింపేయండి, సాయంత్రం కూడా అరుపులు వినిపిస్తాయి.

ఇక మాంసం. మీరు ఆఖర్న అడిగారు గానీ నేను దీనితోనే మొదలుపెడతాను. మగది 700 పౌండ్లు తూగుతుంది, ఎముకలు తీసేసినా 200 పౌండ్ల మాంసం. మనిషికి 60 పౌండ్లు మోసినా ముగ్గురూ ఒక ట్రిప్పులో తేలేరు. కారుకి రెండు మైళ్లు దాటి వేస్తే ఆ రోజు, మర్నాడు రెండూ మోతకే పోతాయి. నాలుగు కాళ్ల భాగాలు, వెన్నుకి రెండువైపులా ఉండే పొడుగాటి కండ, లోపలి మెత్తటి కండ, వీటిని వదిలేసి రావడం ఇక్కడ నేరం. అందుకే అసలు ఎక్కడ బాణం వదలాలో మోత లెక్క చూసే నిర్ణయించుకోండి.

సెప్టెంబర్‌లో మధ్యాహ్నం ఎండ బాగానే ఉంటుంది. జంతువు పడిన వెంటనే చర్మం తీసేయాలి, ఆ చర్మం వేడిని లోపలే పట్టేస్తుంది. తుంటి కీలు దగ్గర ఎముక చుట్టూ ఉన్న మాంసం అన్నిటికన్నా ముందు పాడవుతుంది, కత్తి అక్కడిదాకా వెళ్లి తెరిస్తేనే చల్లబడుతుంది. నూలు సంచుల్లో వేసి నీడలో గాలి తగిలేలా వేలాడదీయండి, క్యాంపుకి దూరంగా, ఎలుగులు ఉంటాయి. సెక్స్ ఎవిడెన్స్ (మగదో ఆడదో తెలిపే శరీర భాగం) ఒక మాంసం భాగానికి అంటుకునే ఉండనివ్వాలి, దారిలో ఆఫీసర్లు ఆపి చూస్తారు. కార్లో కూలర్ల నిండా గడ్డకట్టిన నీళ్ల సీసాలు పెట్టుకెళ్లండి, మాంసం నీళ్లలో నానకూడదు.

తల తీసుకొచ్చి సీడబ్ల్యూడీ (జింక జాతికి వచ్చే ప్రాణాంతకమైన మెదడు జబ్బు) పరీక్షకి ఇవ్వండి. ఆ జబ్బుని మొదట గుర్తించింది ఈ రాష్ట్రంలోనే, 1967లో. రిజల్ట్ వచ్చేదాకా మేం వండం. తర్వాత కాళ్ల మాంసం మొత్తం ఖీమా కొట్టిస్తాను, దీన్లో కొవ్వే ఉండదు కాబట్టి నూనె కాస్త ఎక్కువ పడుతుంది. వెన్ను కండని మాత్రం కుక్కర్‌లో పెట్టకండి దయచేసి, మిరియాలు, ఉప్పు, ఇనప పెనం, రెండు నిమిషాలు అటూ ఇటూ, చాలు.

ప్లేనో_పంతులు:
బావమరిది సంగతి నేను చెప్తా, నాదీ టెక్సాసే. 2025 నుంచి బయటి రాష్ట్రాలవాళ్లకి ఐ-25 హైవేకి పడమర ఆర్చరీ ఎల్క్ ట్యాగ్ (ఒక జంతువుని వేటాడే పర్మిట్) నేరుగా కౌంటర్లో దొరకదు, డ్రా అంటే లాటరీలో పెట్టుకోవాలి, గడువు ఏప్రిల్ మొదట్లోనే అయిపోతుంది. లైసెన్స్ 800 డాలర్ల పైమాటే. టెక్సాస్ హంటర్ ఎడ్యుకేషన్ కార్డు అక్కడా చెల్లుతుంది. డ్రాలో రాకపోతే తను పిలవడానికో మోయడానికో రావచ్చు అనుకుంటారు, మోతకి సరే, పిలిచే విషయం మాత్రం ముందు పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ ఆఫీసుకి ఫోన్ చేసి అడగండి. ఎవరి ట్యాగ్ వాళ్లదే, నీ ట్యాగ్ మీద తను వెయ్యడం కుదరదు, సొంత మనుషులైనా సరే.

ఇంకోటి, నెల మధ్యలో మజిల్‌లోడర్ (గొట్టం మూతి నుంచి మందు కూరే తుపాకీ) సీజన్ కూడా వస్తుంది, తుపాకులతో జనం ఉంటారు. మాంసం మోసుకొచ్చేటప్పుడు దూరానికి కనిపించే ఆరెంజ్ రంగు బట్టలు వేసుకోండి.

కొండవీడు_డెన్వర్:
అందరికీ చాలా థాంక్స్. నాన్నకి మీకర్‌లోనే రూమ్ చూస్తున్నాను, మంజీర గారు చెప్పింది చదివి వినిపిస్తే కాసేపు అలిగి ఒప్పుకున్నారు. బావమరిదికి డ్రా గడువు ఇంకా ఉంది, ఈ వారమే పెట్టిస్తాను. రోడ్డుకి మైలున్నర దాటి వెయ్యకూడదని మేం ముగ్గురం అనుకున్నాం. ఒక్క డౌట్: బాణం తగిలి పరిగెత్తితే వెంటనే వెళ్లాలా, ఆగాలా?

పడమటి_వాలు:
ఆగాలి. నిలబడ్డ చోటు, చివరిగా కనిపించిన చెట్టు గుర్తుపెట్టుకుని బాణం వెతుకు. నురుగుతో లేత ఎరుపు రక్తం ఉంటే ఊపిరితిత్తులు, అరగంట ఆగి వెళ్లు. పచ్చగా, వాసనగా ఉంటే పొట్టలో తగిలింది, చప్పుడు చేయకుండా వెనక్కొచ్చి కనీసం ఆరు గంటలు ఆగు, తొందరపడి లేపితే ఇంకో లోయలోకి పోతుంది. నాన్నగారి విషయంలో మంజీర గారి మాటే వినండి, బీపీ ఉందన్నది నేను పట్టించుకోవాల్సింది.