మట్టిలో ఆడించడానికి ఫీజు కట్టాలా?

నల్లగొండ అమ్మ:
మా పాపకు మూడున్నరేళ్ళు. టౌన్ బయట దేవరకొండ రోడ్డులో ఒక చిన్న బడి పెట్టారు. బెంచీలు లేవు, వేపచెట్ల కింద ఇసుక, ఆకుకూరల మడులు, నాలుగు కోళ్ళు, ఐదేళ్ళు వచ్చేదాకా పలక పట్టించరట. నాకు నచ్చింది. మా అత్తమ్మేమో మట్టిలో ఆడించడానికి కూడా ఫీజు కట్టాలా, మన చెల్క పొలానికి తీసుకుపోతే పోదా అంటోంది. మా ఆయనకు ఒకటో తరగతి సీటు టెన్షన్. మీరైతే ఏం చేస్తారు?

చెల్కోడు:
మీ అత్తమ్మ మాటే నా మాట. మా అమ్మ పత్తి ఏరడానికి పోతూ నన్ను చెట్టుకు కట్టిన చీర ఉయ్యాలలో వేసేది, అందులోంచి బయటపడాలనే పలక కొనిచ్చింది. ప్రకృతి అంతా చల్లని తల్లి అనుకోవద్దు. మర్రిగూడ, మునుగోడు వైపు నీళ్ళు తాగి ఎముకలు వంగిపోయినవాళ్ళను ఈ జిల్లాలో చూడనిదెవరు? ఆ ఫ్లోరైడ్‌ను ఏ ఫ్యాక్టరీ కలపలేదు, మన కిందున్న రాళ్ళలోంచే నీళ్ళలోకి దిగింది. టౌన్ వాళ్ళకు మట్టి సరదా, కూలోళ్ళ పిల్లలకు అక్షరం అవసరం.

అచ్చంపేట అంగన్‌వాడీ:
తమ్ముడూ, అక్షరం వద్దని ఎవరన్నారు? మూడేళ్ళకే కాపీ రాయిస్తే పెన్సిల్ పిడికిట్లో పట్టి నొక్కుతారు, వేళ్ళకు ఇంకా ఆ పట్టు ఉండదు. అదే పిల్ల సీతాఫలం గింజలు ఒక్కొక్కటి ఏరి గిన్నెలో వేస్తుంటే, మట్టి పిసికి లడ్డూలు చేస్తుంటే ఆ పట్టు వస్తుంది. (గింజలు ముక్కులో దూర్చుకుంటారు, వాటి పొడి కంట్లో పడితే ప్రమాదం, పక్కన కూర్చోకుండా ఇవ్వొద్దు.)

తొలకరికి ఎర్రటి ఆరుద్ర పురుగు కనిపిస్తే మా పిల్లలు ఎగబడతారు. ముట్టుకుంటే కాళ్ళు ఎందుకు ముడుచుకుంది, ఎన్ని కాళ్ళున్నాయి, నిన్న లేనిది ఇవాళ ఎక్కడిది అని అడిగితే చాలు, ఎనిమిది దాకా లెక్క వచ్చేస్తుంది. ఇంట్లో లంబాడీ మాట్లాడే పిల్లలకు తెలుగు మాటలు అక్కడే పడతాయి, గోడ మీద చార్టు చూపిస్తే పడవు.

ఇదేం కొత్త ఫ్యాషన్ కాదు. జర్మనీలో ఫ్రోబెల్ అనే విద్యావేత్త 1837లో మొదలుపెట్టిన బడిలోంచే ఈ ఆటలు, తోటపని వచ్చాయి, మన దేశంలో గిజుభాయి బధేకా అనే విద్యావేత్త 1920లోనే గుజరాత్‌లోని భావనగర్‌లో చిన్నపిల్లలకు బాలమందిరం పెట్టారు. 2020 జాతీయ విద్యా విధానం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ళ దాకా ఒకే దశగా, ఆటతోనే నడపమంటుంది.

అయితే అమ్మా, పిల్లల్ని చెట్టు కింద వదిలి ఫోన్ చూసుకునే బడైతే మీ చెల్కే నయం, కనీసం ఫీజు మిగులుతుంది. చెల్కలో పెద్దవాళ్ళు పనిలో ఉంటారు, పురుగు గురించి అడిగే తీరిక ఎవరికి? ఆ తీరిక ఉన్న మనిషికే మీరు డబ్బు కడుతున్నారు. 1975 నుంచి ఉన్న మా అంగన్‌వాడీల్లో ఫీజు లేదు, బయట చెట్టూ ఉంది, లేనిది ఆ తీరికే. ఒక టీచర్, ఒక ఆయా, గుడ్లు, బరువులు, సర్వేలు, రిజిస్టర్లు.

పాలమూరు పోరడు:
చెట్టు సంగతి కూడా చూడండి. మా పాలమూరు పిల్లలమర్రి అనే పెద్ద మర్రిచెట్టు మీద జనం ఊగి, మానుకు పేర్లు చెక్కి పాడుచేశారు, పైగా చెదలు పట్టాయి, అందుకే 2017 చివర్లో జనాన్ని ఆపేశారు. 2018లో చెదల మందును సెలైన్ సీసాలతో చెట్టుకు చుక్కచుక్కగా ఎక్కించారు. పేర్లు చెక్కినోళ్ళకు అక్షరాలు బాగానే వచ్చు మరి.

చెల్కోడు:
అక్కా, మీ తీరిక మాట ఒప్పుకుంటా. కానీ రేపు ఒకటో తరగతికి పోతే చదవమంటారు, దానికి జవాబు?

అచ్చంపేట అంగన్‌వాడీ:
2009 విద్యా హక్కు చట్టం అడ్మిషన్‌కు పరీక్ష పెట్టొద్దంటుంది. పెడుతున్నారు, అది వేరే సంగతి. ఐదేళ్ళకు మొదలుపెట్టినా ఏడాదిలో అక్షరాలు వస్తాయి, ఆ ఏడాది ఆ బడి నిజంగా నేర్పుతుందా అని గట్టిగా అడగాలి.

నల్లగొండ అమ్మ:
సరే, సోమవారం పొద్దున వెళ్ళి చూస్తా. ఏప్రిల్ ఎండలో ఎక్కడ కూర్చోబెడతారు, తాగే నీళ్ళు ఎక్కడివి, తేలు కుడితే ఏ ఆస్పత్రికి తీసుకుపోతారు, ఇవన్నీ అడుగుతా.

అచ్చంపేట అంగన్‌వాడీ:
పొద్దున వద్దమ్మా, అప్పుడు అన్ని బళ్ళూ బాగానే ఉంటాయి. పన్నెండు దాటాక, చెప్పకుండా వెళ్ళండి. పిల్లలు అలిసి ఏడ్చే టైం అది, అప్పుడు టీచర్లు ఏం చేస్తున్నారో చూడండి.