నోబిలె కేన్ల మీద ఉబ్బులు వస్తున్నాయి: మొగ్గలా, పిలకలా?

మేడమీది కుండీలు, హైదరాబాద్:

అందరికీ నమస్కారం. మా ఇంట్లో డెండ్రోబియం నోబిలె అనే ఆర్కిడ్ ఒకటుంది. మా ఆడపడుచు కాలింపాంగ్ వెళ్లినప్పుడు అక్కడి నర్సరీలో కొని తెచ్చిచ్చింది. మేముండేది సైనిక్‌పురిలో, మొక్క తూర్పు బాల్కనీలో ఉంటుంది. దీపావళి వెళ్లాక నీళ్లు బాగా తగ్గించాను, ఎరువు పూర్తిగా ఆపేశాను. సంక్రాంతికల్లా పాత కేన్ల (కణుపులున్న లావుపాటి కాడల) ఆకులు పండి రాలిపోయాయి. ఇప్పుడు ఫిబ్రవరి కదా, ఆకుల్లేని కేన్ల కణుపుల దగ్గర పచ్చగా ఏవో ఉబ్బుతున్నాయి. కుండీలో బెరడు ముక్కల మధ్య నుంచి ఇంకో మొలక కూడా తల ఎత్తింది. వీటిలో పువ్వు ఏది, కొత్త కేన్ ఏది? మా వారేమో "మొక్క లేచింది, ఇంక నీళ్లు పొయ్యి" అంటున్నారు. పోస్తే పూలు పోతాయేమోనని నాకు టెన్షన్. కేన్లు కాస్త ముడతలు కూడా పడ్డాయి. ఏం చెయ్యమంటారు?

పాడేరు మాష్టారు:

అమ్మా, నీళ్ల సంగతి చివర్లో చెబుతాను. ముందు ఆ ఉబ్బు ఎక్కడ నుంచి వస్తోందో చూడండి. ఆకారం తర్వాత, చోటు ముందు.

కుండీలో, పాత కేన్ మొదలును ఆనుకుని వచ్చేది ఈ ఏటి కొత్త కేన్. అందులో సందేహం అక్కర్లేదు, నోబిలె అక్కడ పూయదు. అది పెరిగి, ముదిరి, వచ్చే చలికాలం గడిపాకే దాని వంతు. పూలు వచ్చేది నిరుడు పెరిగి ముదిరిన కేన్ కణుపుల దగ్గర, ఎక్కువగా పై సగంలో. చిక్కంతా ఇక్కడే ఉంది, ఎందుకంటే అదే కణుపు నుంచి పిలక కూడా రావచ్చు. మనవాళ్లు కీకీ అంటారే, అదే.

కణుపు దగ్గరుండే కన్ను మొదట్లో ఎటూ తేల్చుకోదు. రాత్రి చలి, తక్కువ నీరు, మంచి వెలుతురు దొరికితే మొగ్గవుతుంది. వెచ్చదనం, తడి, నత్రజని దొరికితే పిలకవుతుంది. అందుకే చలికాలంలో నత్రజని ఉన్న 19:19:19 ఎరువు చల్లినవాళ్లకు కేన్ నిండా పిలకలొస్తాయి. మీరు దీపావళి నుంచే ఆపారు, పైగా హైదరాబాద్‌లో డిసెంబరు, జనవరి రాత్రులు 14, 15 డిగ్రీలకు దిగుతాయి. కాబట్టి మీకు పూలే రావాలని నా లెక్క.

ఇప్పుడు ఆకారం. మొగ్గ నానిన శనగగింజలా గుండ్రంగా, మొద్దుగా, కేన్ నుంచి పక్కకు పొడుచుకొస్తుంది. కొన్నాళ్లకు అదే రెండు మూడు చిన్న బుడిపెలుగా విడిపోతుంది. ఒక్కో బుడిపె ఒక్కో పువ్వు. పిలక అలా కాదు. కొస సన్నగా, కాస్త చదునుగా ఉండి, కేన్‌ను అంటుకుని పైకి పోతుంది. కొన్నాళ్లకు కొస చీలి రెండు చిన్న ఆకులు కనబడతాయి, ఆ తర్వాత అడుగున తెల్లటి వేర్లు వస్తాయి. ఇంకో గుర్తు, ఇది నేను చూసిన మేరకు: వరసగా నాలుగైదు కణుపులు ఒకేసారి ఉబ్బితే దాదాపుగా పూలే. చిట్టచివరి కణుపు ఒక్కటే లేస్తే పిలక కావచ్చు.

మా పాడేరు, అరకు అడవుల్లో డెండ్రోబియం ఎఫిల్లం ఉంటుంది. ఎండలు ముదిరే వేళకు కేన్లు ఆకుల్లేకుండా కొమ్మల నుంచి వేలాడుతూ, కణుపు కణుపుకీ లేత ఊదా పూలతో నిండిపోతాయి. అదే సమయంలో కేన్ల మొదళ్ల దగ్గర కొత్త మొలకలూ వస్తాయి. రెండూ ఒకే మొక్క మీద పక్కపక్కనే కనబడతాయి కాబట్టి మా పిల్లలకు నేను దాన్నే చూపించి తేడా చెబుతాను. దయచేసి ఎవరూ అడవి నుంచి పీక్కెళ్లకండి. చూసి, ఫోటో తీసుకుని రండి.

డాలస్ బాల్కనీ:

అక్కా, మాష్టారు చెప్పింది నోబిలెకి నూటికి నూరుపాళ్లు నిజం. కానీ చోటు చూసి తేల్చే పద్ధతి అన్ని ఆర్కిడ్‌లకూ ఒకేలా పనిచెయ్యదు. నా దగ్గరుండేవి కాటసీటమ్‌లు, ఇవీ చలికాలంలో ఆకులు రాల్చి పడుకునేవే. వీటికి స్పైక్ (పూలకాడ) కూడా బల్బు (ఉబ్బిన కాండం) అడుగు నుంచే వస్తుంది, కొత్త మొలకా అక్కడి నుంచే. వీటి బంధువు సిక్నోకిస్‌కి మాత్రం స్పైక్ పైన ఆకు మొదళ్ల నుంచి వస్తుంది.

అందుకే నేను కాలం చూస్తాను. స్పైక్ మామూలుగా ఎదిగిన బల్బుకు, వేసవి చివర నుంచి చలి మొదలయ్యేలోపు వస్తుంది. ఫిబ్రవరి, మార్చిలో బోడి బల్బు అడుగున లేచేది సాధారణంగా కొత్త మొలకే. స్పైక్ గుండ్రటి కాడగానే సాగుతుంది, ఆకు విప్పదు. మొలక త్వరలోనే ఆకులు విప్పడం మొదలుపెడుతుంది.

మొలక కనబడగానే నీళ్లు పొయ్యడం వీటికి చాలా ప్రమాదం. కొత్త వేర్లు కనీసం 8, 10 సెంటీమీటర్లు సాగేదాకా ఆగుతాను. అప్పటిదాకా మొలక పాత బల్బులోని నీటితోనే బతుకుతుంది. ముందే పోస్తే తాగడానికి వేర్లుండవు, ఆ తడికి లేత మొలక కుళ్లిపోతుంది.

బెంగళూరు నీడతోట:

ఒక్క మాట. ఇది చదివి సోనియా లాంటి డెండ్రోబియంలు పెంచేవాళ్లు నీళ్లు ఆపెయ్యకండి. వాటికి ఈ ఎండు నిద్ర అక్కర్లేదు, ఆకులతోనే ఉంటాయి, స్పైక్ కేన్ కొస దగ్గర్నుంచి వస్తుంది. మీ మొక్క ఏ రకమో ముందు తేల్చుకోండి.

మేడమీది కుండీలు, హైదరాబాద్:

మాష్టారూ, పొద్దున భూతద్దం పెట్టి చూశాను. ఒక కేన్ మీద పైనుంచి వరసగా ఐదు కణుపులు గుండ్రంగా ఉబ్బాయి, ఒకటి అప్పుడే రెండుగా చీలుతోంది. రెండో కేన్ కొసన ఒక్కటే ఉంది, అది కోసుగా పైకి చూస్తోంది. అంటే మొదటిదానికి పూలు, రెండోదానికి పిలక అనుకోవచ్చా? చాలా సంతోషంగా ఉందండీ! నీళ్లు మరి?

పాడేరు మాష్టారు:

అలాగే అనుకోండమ్మా. ముడతలు కొద్దిగా ఉంటే కంగారు వద్దు, నిద్రలో అది మామూలే. మొగ్గలు దేనికది విడిగా కనబడేదాకా, బెరడు బాగా ఆరాక ఉదయం పూట కొద్దిగా తడపండి చాలు. తర్వాత మెల్లగా పెంచండి. ఎరువు మాత్రం పూలయ్యాక, కుండీలో కేన్ మొదలు దగ్గర వచ్చిన ఆ కొత్త మొలకకు వేర్లు కనబడ్డాకే. పూసిన కేన్‌ను కొయ్యకండి, కొత్తదానికి అదే తిండి. పిలకకు రెండు అంగుళాల వేర్లు వచ్చాక వేరు చేసి చిన్న కుండీలో పెట్టుకోవచ్చు.

మొగ్గలున్నంతకాలం కుండీని చోటు మార్చొద్దు, అటూ ఇటూ తిప్పొద్దు. వెలుతురు, వేడి ఒక్కసారిగా మారితే మొగ్గలు పసుపెక్కి రాలిపోతాయి. ఈ ఒక్కటీ మీ వారికి కూడా చెప్పండి.