తాతయ్యకి ఇద్దరు తండ్రులా? మూడు కాగితాలు మూడు రకాలుగా చెప్తున్నాయి

తెనాలి_మనవడు:
అందరికీ నమస్తే. మా వంశవృక్షం రాద్దామని కూర్చుంటే తాతయ్య దగ్గరే ఆగిపోయా. స్కూల్ టీసీలో పుట్టిన తేదీ 1-7-1921 అని ఉంది, ట్రంకుపెట్టెలో దొరికిన జాతకంలో సిద్ధార్థి నామ సంవత్సరం, పుష్య బహుళం అని ఉంది, ఇక రిజిస్ట్రార్ ఆఫీసులో తీయించిన 1937 నాటి క్రయ దస్తావేజు నకల్లో, పొలం అమ్మినాయన వయస్సు సుమారు 21 అని ఉంది. సర్లే వయసు అటుంచండి, అందులో తండ్రి పేరు దగ్గర మా ముత్తాత పేరు లేదు, ముత్తాత తమ్ముడి పేరు ఉంది! ఇంటిపేరు అదే, ఊరు అదే, తాతయ్య పేరు కూడా పొల్లు పోకుండా అదే. ఆ చిన్న ముత్తాత దత్తత చేసుకుని ఉంటాడ్రా అని బాబాయి, అలాంటిదేదీ మేం వినలేదే అని నాన్న. ఏ కాగితం నమ్మాలండీ?

పంచాంగం_పిచ్చి:
టీసీ తేదీని పెద్దగా పట్టించుకోకండి. పిల్లాణ్ణి బళ్ళో వేసినప్పుడు అయ్యవారు ఎంత వేస్తే అంతే, మా ఇంట్లో ముగ్గురన్నదమ్ములకీ జులై ఒకటే 😀 సిద్ధార్థి అంటే 1919 ఉగాది నుంచి 1920 ఉగాది దాకా. అందరూ 1919 అని రాసేసుకుంటారు గానీ పుష్య బహుళం వచ్చేసరికి ఇంగ్లీషు సంవత్సరం మారిపోయింది, అది 1920 జనవరి. ఇంకోటి, అరవయ్యేళ్ళకోసారి అదే పేరు తిరిగొస్తుంది కదా, 1859లో మొదలైంది కూడా సిద్ధార్థే. మీ తాతకి వాళ్ళ తాత పేరే పెట్టుంటే ఆ జాతకం ఎవరిదో ఒకసారి చూసుకోండి.

దస్తావేజు_లేఖరి:
ఏ కాగితం నిజం అనేది తర్వాత బాబూ, ముందు మూడూ ఒకే మనిషివా కాదా చూడు. 1920 జనవరిలో పుట్టినవాడికి 1937లో పదిహేడేళ్ళు, అంటే మైనరు, తనంతట తను పొలం అమ్మలేడు, సంరక్షకుడి పేరు పెట్టి రాయాలి. నీ నకల్లో అలా ఉందా? దత్తుడైతే దత్తపుత్రుడు అని రాయడం మామూలు. అన్నిటికంటే ముందు చివరి పేజీ తియ్యి, సంతకం ఉందా, లేక చదువు రానివాళ్ళు వేసే నిశానీ ఉందా? అన్నదమ్ములిద్దరూ వాళ్ళ నాన్న పేరు చెరో కొడుక్కీ పెట్టుకునుంటే ఊళ్ళో ఒకే పేరు, ఒకే ఇంటిపేరుతో ఇద్దరు తేలతారు, నేను ఇలాంటివి బోలెడు చూశా. మీ నాన్న తద్దినంలో మూడు తరాలూ చెప్తారు కదా, తాతయ్య తర్వాత ఎవరి పేరు చెప్తున్నారో అడుగు.

తెనాలి_మనవడు:
లేఖరి గారూ మీకో దండం. సంరక్షకుడి మాటే లేదు, దత్తత మాటా లేదు, చివర్లో పేరు రాసి పక్కన "నిశానీ, వేలిముద్ర" అని ఉంది. మా తాతయ్య ఎనిమిదో తరగతి చదివారు, మనియార్డర్ వస్తే కళ్ళజోడు తుడుచుకుని మరీ సంతకం పెట్టేవారు, ఆయన వేలిముద్ర వెయ్యడమేంటి! తద్దినంలో కూడా నాన్న చెప్పేది మా ముత్తాత పేరే. నాన్న వాళ్ళ మేనత్త ఉంది, తొంభై దాటింది, ఫోన్ చేస్తే ఒక్క ముక్కలో తేల్చేసింది. "అది నల్లబ్బాయి రా, మా చిన్నాన్న కొడుకు. మీ తాత ఎర్రబ్బాయి. నల్లబ్బాయి పొలం అమ్ముకుని నైజాం పోయాడని మా అమ్మ చెప్పేది" అంది. రెండు నెలలు ఆఫీసుల చుట్టూ తిరిగా, ఈ ఫోన్ ముందే చేసుంటే సరిపోయేది. జాతకం వెనక మా ముత్తాత చేతిరాత ఉంది కాబట్టి అది తాతయ్యదే, 1920 జనవరి అని రాసుకున్నా. ఇప్పుడు నల్లబ్బాయి తాత వాళ్ళు ఏమయ్యారో తెలుసుకోవాలని ఉంది.

బోధన్_పోరగాడు:
అన్నా, నైజాం అన్నరంటె మా దిక్కు జూడు. నిజాంసాగర్ 1931ల కట్టుడు అయిపోయినంక గుంటూరు, కృష్ణా దిక్కుకెల్లి మస్తు మంది వచ్చి బోధన్, వర్ని కాడ భూములు కొన్నరు, వాళ్ళ ఊర్లను ఇప్పటికీ క్యాంపులనే అంటం. పాత కాగితం దొరికితె ఉర్దూల ఉంటది, సాలేమో ఫసలీల, అంటె సర్కారు శిస్తు లెక్కల సాల్ల ఉంటది, దానికి 590 కలిపితె అది షురువైన ఇంగ్లీషు సాలు వస్తది. ఇక్కడి ఫసలీ అక్టోబర్ల షురువైతది, మీ మద్రాసు దిక్కు జూలైల, గది యాది పెట్టుకో, లేకుంటె మళ్ళ ఒక ఏడు తేడా వస్తది. 1937 అంటె 1346, ఆఖరి మూడు నెలలు 1347. 1954-55 ఖాస్రా పహాణీల, అంటె ఏ భూమి ఎవలిదో రాసిన సర్కారు రికార్డుల కూడ పేరు ఉండొచ్చు. గని ముందుగాల క్యాంపుల ముసలోళ్ళను అడుగు, మీ ఊరి పేరు, ఇంటిపేరు చెప్తె చాలు. నల్లబ్బాయి అని కూడ చెప్పు.